గుడి లేని బండి

మే 6, సోమవారం

ఈ పుస్తకం తెరిచినవాడా, నీ ఇంట్లో నీకు పనేమీ లేదా? ఇంకొకడి మనసులోకి తొంగిచూసే ముందు నీ మనసులో చెత్త ఊడ్చుకున్నావా? మూసెయ్. తీసినచోటే పెట్టెయ్.

అని రాశాను గానీ, దీన్ని తెరిచేవాళ్ళు ఎవరున్నారు కనక? మా ఆవిడకి నా రాత చూస్తేనే చిరాకు. ఈ మధ్య అక్షరాలు గీత మీద నిలవక దొర్లిపోతున్నాయట. కాబట్టి తెరిచినవాడివి నువ్వే, ఓ వడ్రంగీ. వారానికి రెండుసార్లు మైకు పట్టుకుని జనాన్ని నిలదీసేవాడా, ఇప్పుడు నువ్వు నిలబడి జవాబు చెప్పు. ఐసాయన బండి కొంటావా, కొనవా?

తెల్లబండి. చిన్నది. ముందు ఇద్దరికి చోటు, వెనక బాడీ. ఆరేళ్ళు ఐసు ఫ్యాక్టరీ నుంచి చేపల దుకాణాలకి ఐసుగడ్డలు మోసింది. ఐసాయన పెద్దది తీసుకున్నాడు, దీన్ని వదిలించుకుంటున్నాడు. ఏడడుగుల తలుపు పడుకోబెడితే అచ్చంగా సరిపోతుంది. టేపు పెట్టలేదు, కంటితోనే కొలిచాను. ముప్ఫై ఏళ్ళ పనివాడికి టేపెందుకు?

ఇవాళ్టిదాకా నా తలుపులు తోపుడుబండి మీద వెళ్తున్నాయి. నేను వారం కూచుని పాలిష్ పెట్టిన తలుపుని ఆ బండివాడు అరగంటలో తాడేసి బిగించి గీతలు పెట్టి అప్పగిస్తాడు. "గీతలు లేకుండా తలుపేముంటుంది సారూ" అంటాడు. వాడి మొహం మీద ఆ గీతలు పెట్టాలనిపిస్తుంది. పెట్టను. నేను బోధకుణ్ణి.

అసలు సంగతి తలుపులు కాదు. వాక్యం. బస్టాండు పక్కన, మిల్లు గేటు దగ్గర, సంత మలుపులో నేను పెయింటు డబ్బా మీద నిలబడి చెప్తున్నాను. మొన్న నిలకడ గురించి చెప్తుండగా డబ్బా దొర్లింది. నేనూ దొర్లాను. జనం చప్పట్లు కొట్టారు. అదే బండి ఉంటే? వెనక తలుపు దించితే అదే వేదిక. స్పీకర్లు క్యాబిన్ మీద. ఎవడు దొర్లుతాడు?

మా ఆవిడకి ఇదంతా చెప్పాను. పావుగంట చెప్పాను. గిన్నె తోముతూ విన్నది. చివర్లో ఒక్కటే అడిగింది.

"ఎవరు నడుపుతారు?"

నాకు లైసెన్సుంది. కట్టె మిల్లులో వ్యాను తోలాను. ఇది ఆవిడకి తెలుసు. తెలిసీ అడుగుతుంది.


మే 7, మంగళవారం

గ్రంథాలు అచ్చేసేవాళ్ళకి బుద్ధి లేదు. ఏటికేడాది అక్షరం సన్నం చేస్తున్నారు. కాగితం మిగుల్చుకోవడానికి దేవుడి మాటని చీమలబారు చేశారు. నాది పాత ప్రతి అంటుంది మా ఆవిడ, ఇరవై రెండేళ్ళుగా ఇదే చదువుతున్నారు అంటుంది. అయితే సిరా వెలిసిపోయి ఉంటుంది. ఏదో ఒకటి అయి ఉంటుంది కదా.

బల్బు మార్చింది. ఎందుకు మార్చావంటే పాతది పోయిందంది. పోలేదు. నేను చూశాను, చెత్తబుట్టలో బాగానే ఉంది.

ఇంకొకటి. ఈవిడకి వీధిలో నడవడం రావట్లేదు. ఎప్పుడు చూడు నా ఎడమవైపే అంటుకుని నడుస్తుంది, కాలికి అడ్డంగా. కుడిపక్కకి రమ్మంటే వస్తుంది, నాలుగడుగులు వేశాక మళ్ళీ ఎడమపక్క. చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది.


మే 9, గురువారం

బండి చూడ్డానికి వెళ్ళాను. బావమరిదిని తీసుకెళ్ళాను, మెకానిక్కు కదా అని. తీసుకెళ్ళకుండా ఉండాల్సింది.

నేను చుట్టూ తిరిగి చేత్తో తడిమి చూశాను. టైర్లు బాగున్నాయి. క్యాబిన్ తలుపులు టక్కున పడుతున్నాయి. తలుపు పడే శబ్దం వింటే చాలు నాకు, ఎలాంటి పనో తెలిసిపోతుంది. వెనక బాడీలో చెక్కలు పరిచి ఉన్నాయి. బాగుంది అన్నాను. ఐసాయన మంచివాడు, "కింద కూడా చూసుకోండి అయ్యగారూ, తరవాత మాట రాకూడదు" అన్నాడు. నేను చూశానన్నాను.

బావమరిది ఒక చెక్క పైకి లేపాడు. రేకు మీద బొటనవేలు పెట్టి నొక్కాడు. వేలు కిందికి దిగిపోయింది.

"బావా, ఇదేంటి?"

"ఏది?"

"ఇదిగో, జల్లెడ. ఆరేళ్ళు ఉప్పునీళ్ళు కారితే రేకుంటుందా? నువ్వు చూశానన్నావుగా!"

"చీకట్లో ఏం కనపడుతుందిరా?"

"చీకటేంటి బావా? ఐదున్నర కూడా కాలేదు. ఎండ నీ మొహం మీదే ఉంది."

తుప్పు గురించి గ్రంథంలో ఎన్నిచోట్ల ఉందో నాకు కంఠతా వచ్చు. అన్నీ వరసగా గుర్తొచ్చాయి. ఒక్కటీ నా పక్షాన లేదు.

ఇంజను మాత్రం బంగారం అన్నాడు వాడు. కింద కొత్త రేకు వెల్డింగు చేస్తే పదేళ్ళు కదలదట. "ఇంతకీ ఎవరు నడుపుతారు?" అన్నాడు. అక్కాతమ్ముళ్ళు ఒకే అచ్చులో పోసినట్టున్నారు.

"నేను."

"అక్క నడుపుతుందిగా. నాన్న గ్యారేజీలో లారీలు వెనక్కి తిప్పేది, నాకు సైకిలు రాని రోజుల్లో."

ఆ అధ్యాయం ముగిసింది అన్నాను. పెళ్ళయిన కొత్తలో నేనే వద్దన్నాను. బోధకుడి భార్య స్టీరింగు ముందు కూచుంటే ప్రార్థన కూటంలో నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటారు. ఆవిడ ఆ రోజు సరేనంది. మళ్ళీ ఎత్తలేదు. ఆవిడకి లేని బాధ వీడికెందుకు?


మే 10, శుక్రవారం

కొనను. జల్లెడలో ఎవడు తలుపులు మోస్తాడు?


మే 11, శనివారం

రేకు వేస్తే సరిపోతుంది కదా.

గుమ్మం ఒకటి పాడైంది. అంగుళమున్నర పొట్టిగా కోశాను. టేపు మీద అంకెలు అరిగిపోయాయి. కొత్త టేపు కొన్నాను. దాని మీదా అంకెలు అరిగిపోయే ఉన్నాయి. ఈ దేశంలో ఏదీ సరిగ్గా తయారుచెయ్యరు.


మే 12, ఆదివారం, పొద్దున్నే



నేను కూటంలో ఎన్నిసార్లు తిట్టానో, గ్రంథాన్ని లాటరీ టికెట్లా వాడొద్దని, కళ్ళు మూసుకుని పేజీ తీసి వేలు పెట్టి దేవుడి జవాబు అనుకోవద్దని. ఇవాళ పొద్దున నేనే పెట్టాను. ఎవరూ లేరు. మా ఆవిడ నీళ్ళు పడుతోంది. కళ్ళు మూసుకుని అడిగాను: బండి కొననా, వద్దా? అవునంటే అవునను, కాదంటే కాదను, రెండూ కాని మాట మాత్రం చెప్పకు.

పేజీ తీశాను. వేలు పెట్టాను. కళ్ళు తెరిచాను.

ఊబిలోంచి పైకి లాగి, కాళ్ళు జారకుండా, బండి మీద నిలబెట్టాడట.

బండి మీద!

ఇన్నేళ్ళుగా ఈ మాట నా ఎదురుగానే ఉందా? ఎన్నిసార్లు చదివుంటాను! వేల ఏళ్ళ కిందటి మనిషి వెనక తలుపు దించిన బండి మీద నిలబడి పాడుతున్నాడు, నాకు ఇవాళ కనిపించాడు. కళ్ళుండి చూడలేకపోవడం అంటే ఇదే. ఇవాళ దీని మీదే చెప్తాను.


మే 12, సాయంత్రం

చెప్పాను. గంటా పది నిమిషాలు.

రేకుల షెడ్డు నిండా జనం. గొంతు అంత బాగా ఎప్పుడూ పలకలేదు. "కాళ్ళు జారేవాడా, నిన్ను దేని మీద నిలబెట్టాడు? బండి మీద! కదలని చోట కాదు, కదిలే చోట! బురదలో దిగబడి కూచునేవాళ్ళు మనమా? ఆయన చక్రాలున్న దేవుడు!" అన్నాను. మామూలుగా ఆ స్థాయికి వెళ్తే జనం కేకలు పెడతారు. ఇవాళ నిశ్శబ్దం. వెనక వరసలో ఎవరో దగ్గారు. ఇద్దరు ముగ్గురు తలలు దించుకుని తమ ప్రతుల్లో వెతుక్కుంటున్నారు. మాట లోతుగా దిగిందనుకున్నాను. మా ఆవిడ ముందు చాప మీద కూచుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, నన్నే చూస్తోంది. ఏడుస్తోందనుకున్నాను.

అయ్యాక, కూటంలో అందరూ పెద్దమ్మ అని పిలిచే ఆవిడ వచ్చింది. డెబ్బై దాటిన మనిషి. భూతద్దం పెట్టుకుని చదువుతుంది, ఒక్కో అక్షరం గింజలు ఏరినట్టు.

"నాయనా, నీ పుస్తకం కొత్త అచ్చా?"

"పాతదే పెద్దమ్మా. ఏం?"

"నా దాంట్లో బండ అనుంది. బండ మీద నిలబెట్టాడని. రాయి. నీ దాంట్లో బండి అనుందా?"

ఏమనాలి? పక్కన పదిమంది నిలబడి వింటున్నారు.

"అచ్చుతప్పు పెద్దమ్మా," అన్నాను. "నీ దాంట్లో గుడి పడలేదు."

ఆవిడ భూతద్దం తుడుచుకుని మళ్ళీ చూసింది. "అలాగా నాయనా. ఇన్నేళ్ళూ తప్పు చదివానా!" అని వెళ్ళిపోయింది. బతుకంతా రాళ్ళు మోసిన మనిషి. రాయి మీద నిలబడటమంటే ఏమిటో ఆవిడకి తెలిసినట్టు ఎవరికి తెలుసు?


మే 13, సోమవారం

గ్రంథం తెరిచి చూస్తే తేలిపోతుంది. తెరవలేదు. పని ఎక్కువగా ఉంది.


మే 14, మంగళవారం

ఐసాయన తాళాలిచ్చాడు. నడిపి చూశాను. మిల్లు వెనక సందులో.

బ్రేకులు బాగున్నాయి.


మే 15, బుధవారం

అంతే రాసి ఊరుకుందామనుకున్నాను. నిద్ర లేవగానే అదే శబ్దం చెవిలో. బిందె శబ్దం. కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తాను, ఎవరి తప్పు ఎంతో తేలిపోతుంది.

బావమరిది పక్క సీట్లో ఉన్నాడు. మొదటి గేరు, రెండో గేరు, అంతా వెన్నలా పడుతోంది. ఇరవై ఏళ్ళయినా కాళ్ళు మర్చిపోలేదు. వాడితో చెప్తున్నాను, చూశావురా అని. సందు ఖాళీ. ఎదురుగా పిల్లి కూడా లేదు. అప్పుడు వాడు పెద్దగా అరిచాడు, "బావా, ఎడమ!"

ఎడమపక్క ఏమీ లేదు. లేనిచోట నుంచి ఒక బిందె గాల్లోకి లేచింది. బండి గింజుకుని ఆగిపోయింది.

పెద్దమ్మ. కుళాయి దగ్గర్నుంచి నీళ్ళు పట్టుకుని వస్తోంది. ఆవిడకి ఏం కాలేదు. ఒక్క జానెడు దూరం. బిందె నొక్కుకుపోయింది, చీర తడిసిపోయింది, అంతే. ఆ వయసులో అంత బరువు మోసుకుంటూ సందు మధ్యకి ఊడిపడితే ఎవరైనా ఏం చేస్తారు? ఎవడో గోడ మీదనుంచి "కళ్ళు నెత్తి మీద పెట్టుకుని తోలుతున్నావా?" అని అరిచాడు. నన్ను గుర్తుపట్టాక నోరు మూసుకున్నాడు. అది ఇంకా అధ్వానం.

పెద్దమ్మ రోడ్డు మీద కూలబడి నన్ను చూసి, "నువ్వా నాయనా, నేనింకెవరో తాగుబోతు అనుకున్నా" అంది. నవ్వించడానికే అంది. బిందెని మాత్రం ఒళ్ళోకి లాక్కుని కూచుంది.

బావమరిది నన్ను దించి తాను కూచున్నాడు. ఇంటిదాకా తనే తోలాడు. గుమ్మం దగ్గర తాళాలు జేబులో వేసుకున్నాడు.

"బ్రేకులు బాగున్నాయి కదరా," అన్నాను.

"నువ్వు బ్రేకు తొక్కలేదు బావా. నేను చేతిబ్రేకు లాగాను."

"తొక్కాను."

"తొక్కలేదు. నీకు ఆవిడ కనపడలేదు. సందు మొదట్నుంచీ ఎడమవైపు గోడ పక్కనే నడుచుకుంటూ వస్తోంది, నిండు బిందెతో, ఎర్రచీరలో. నీకు కనపడలేదు. బండి తర్వాత సంగతి, ముందు కళ్ళు చూపించుకో."

పద, పద, నాకు నువ్వు నేర్పుతావా అన్నాను. కొన్ని మాటలన్నాను. వాడి తండ్రిని కూడా కలిపి అన్నాను. రాయను.


మే 16, గురువారం

గాడిదెక్కి వెళ్ళిన ప్రవక్త ఒకడున్నాడు. దారికడ్డంగా కత్తి పట్టుకుని దూత నిలబడితే గాడిద చూసింది, పక్కకి తప్పుకుంది. పైన కూచున్నవాడికి కనపడలేదు. వాడు గాడిదని కొట్టాడు.

ఆ భాగం మీద పాతికసార్లు చెప్పి ఉంటాను. గాడిద గొంతు అనుకరిస్తాను. జనం పడీ పడీ నవ్వుతారు.


మే 18, శనివారం

మధ్యాహ్నం పన్నెండింటికి గ్రంథం తీసుకుని నడి ఎండలో నిలబడ్డాను. పేజీ తీశాను. మాట ఉంది. చివరి అక్షరం మీద ఏదో ఉన్నట్టే ఉంది, లేనట్టే ఉంది. దూరం పెట్టి చూశాను, దగ్గర పెట్టి చూశాను. కదిలే చీమలా ఉంది.

మా ఆవిడ బట్టలు ఆరేస్తోంది. చాలాసేపు ఆరేసింది ఆ రెండు బట్టల్నీ. చివరికి నేనే పిలిచాను.

"ఇటు రా. ఈ మాట ఏంటి?"

చెయ్యి తుడుచుకుని వచ్చింది. చూడకుండానే చెప్పింది.

"బండ."

"చూసి చెప్పు."

చూసింది. "బండ. గుడి లేదండీ."

"ఆదివారమే తెలుసా నీకు?"

"తెలుసు."

"మరి ఆపలేదేం? గంటా పది నిమిషాలు వాగాను!"

"ఎలా ఆపను? చక్రాలున్న దేవుడు అనేదాకా వెళ్ళిపోయారు. పట్టుకునేందుకు అందలేదు మీరు."

నాకు నవ్వు రావాలి. రాలేదు. ఆవిడకి వచ్చింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆదివారం కూడా అది ఏడుపు కాదన్నమాట. కోపం వచ్చింది. ఇంకేం తెలుసు నీకు, అన్నీ ఇవాళే చెప్పు, అన్నాను.

చెప్పింది. బల్బు పోలేదట, పెద్దది పెట్టిందట. ఇల్లంతా పీటలు, స్టూళ్ళు గోడల వారకి జరిపేసిందట, నా మోకాలి మీద దెబ్బలు చూసి. కూటంలో నీళ్ళగ్లాసు కుడిచేతి వైపే పెడుతుందట. వీధిలో నా ఎడమవైపు నడుస్తున్నది ఆరునెలల నుంచీనట, అటు నుంచి సైకిలు వస్తే నాకు తెలియట్లేదని. 

"అడ్డం నడుస్తున్నావని తిట్టాను కదే."

"తిట్టారు."

"చెప్పొచ్చుగా."

"రెండుసార్లు చెప్పాను. ఒకసారి అచ్చువాళ్ళని తిట్టారు. రెండోసారి నన్ను."

బట్టలు అయిపోయాయి. బుట్ట తీసుకుని లోపలికి వెళ్ళింది. నేను ఎండలో ఎంతసేపు నిలబడ్డానో.


మే 19, ఆదివారం

కూటంలో గ్రంథం తెరవలేదు. తెరిచే ధైర్యం లేదు. పోయిన వారం నేను చెప్పింది తప్పు అన్నాను. బండి కాదు, బండ. పెద్దమ్మ పుస్తకంలో ఉన్నదే సరైనది, ఆవిడ పుస్తకంలో తప్పుందని నేను చెప్పింది ఇంకో తప్పు, అదీ పదిమంది ముందు. మంగళవారం ఆవిడ మీదికి బండి తోలింది మూడోది. బండి ఆశలో పడి బండని బండి చేసుకున్నాను.

 పెద్దమ్మ ముందుకి వచ్చి కూచుంది, భూతద్దం తీసింది.

"నేను చదవనా నాయనా, నువ్వు చెప్తావా?"

"చదువు పెద్దమ్మా."

ఏరి ఏరి చదివింది. ఒక్క వాక్యానికి అయిదు నిమిషాలు. ఎవరూ కదల్లేదు. బండ దగ్గరికి వచ్చాక ఆగి, తలెత్తి, "బండి మీద నిలబెడితే ఈ మోకాళ్ళతో నేను ఎక్కగలనా! బండే నయం" అంది. అప్పుడు నవ్వారు. నా మీద కాదు. లేక నా మీదేనేమో. పర్లేదనిపించింది.

నొక్కుకుపోయిన బిందెకి బదులు కొత్తది మా ఆవిడ బుధవారమే ఇచ్చేసిందట. నాకు చెప్పలేదు. నాకు చెప్పనివి రాస్తే ఈ పుస్తకం చాలదు.


మే 20, సోమవారం

కళ్ళద్దాల షాపుకి వెళ్ళాను. ఒక్కణ్ణే వెళ్తానన్నాను. ఎడమవైపు నడుస్తూ ఆవిడా వచ్చింది. కుడిపక్కకి రమ్మనలేదు నేను.

షాపాయన కుర్రాడు కాదు, మనిషి నెమ్మది. దగ్గరచూపుకి అద్దాలు పెట్టాడు. చీమలబారు అక్షరాలయింది. ఆవిడ వైపు చూసి, చూశావా, ఇంతే, దీనికోసం ఇంత రభస, అన్నాను. ఆయన మాత్రం కుర్చీ నాకెదురుగా లాక్కుని కూచున్నాడు.

"నా ముక్కు చూడండి. కన్ను పక్కకి తిప్పకండి. చెయ్యి ఎత్తుతాను, కనపడగానే చెప్పండి."

ముక్కు చూస్తూ కూచున్నాను. ఆయన ముక్కు మీద పుట్టుమచ్చ ఉంది.

"ఎత్తండి మరి," అన్నాను.

"ఎత్తి చాలాసేపయింది."

మా ఆవిడ నేల చూస్తోంది.

కంట్లో ఒత్తిడి పెరిగితే ఇలా అవుతుందట. నొప్పి ఉండదట. దొంగలా పక్కలనుంచి వస్తుందట, ఎదురుగా చూపు చివరిదాకా ఉంటుంది కాబట్టి మనిషికి తెలియదట. "పోయింది రాదు," అన్నాడు. "ఉన్నది నిలబెట్టుకోవచ్చు. కానీ అది నా పని కాదు. నగరంలో పెద్ద కంటాసుపత్రికి ఈ వారమే వెళ్ళండి. వచ్చేవారం అనకండి. కుడికన్ను కూడా మొదలైంది."

చీటీ రాసిచ్చాడు. అద్దాలు పెట్టుకుని చదివాను. స్పష్టంగా ఉంది. ప్రతి గుడీ, ప్రతి కొమ్మూ.

తిరిగివస్తుంటే ఐసాయన ఎదురయ్యాడు. ఇంకెవరో కూరగాయలాయన బండి అడుగుతున్నాడట, బుధవారం సాయంత్రంలోగా ఏదో ఒకటి తేల్చమన్నాడు. అందరికీ ఈ వారమే దొరికింది.


మే 21, మంగళవారం

వెళ్తాను. వెళ్ళననడం లేదు. మూడు కిటికీలు, ఒక గుమ్మం అప్పగించాలి, అందులో ఆ గుమ్మం రెండోసారి చేస్తున్నది. ఆదివారం కూటముంది. నగరానికి రెండు బస్సులు మారాలి, ఈ ఎండల్లో. వచ్చేనెల మొదటివారంలో తీరుబాటుగా వెళ్తే పదిరోజుల్లో మునిగిపోయేదేముంది? అద్దాలతో చక్కగా కనపడుతోంది కదా. ప్రార్థన ఉంది కదా.

ఇదంతా మా ఆవిడతో అన్నాను. ఆవిడ కత్తిపీట పక్కన పెట్టింది.

"రేపు చూద్దాం అనేవాణ్ణి మీరు మైకులో ఏమంటారు?"

"అది వేరు."

"ఏమంటారు చెప్పండి. నాకు కంఠతా వచ్చు. రేపు అనేది సైతాను పెట్టిన పేరు, దేవుడి క్యాలెండరులో ఇవాళ ఒక్కటే ఉంది, అంటారు. మిల్లు గేటు దగ్గర ఒకడు సిగ్గుతో ఏడ్చాడు మీరలా అంటే."

"నాకు వాక్యం చెప్పకు నువ్వు."

"వాక్యం కాదండీ. కన్ను."

తమ్ముడూ అక్కా మాట్లాడుకుని నా మీదికి వస్తున్నారు, నన్ను గుడ్డివాణ్ణి చేసి కూచోబెట్టి మీ ఇష్టమొచ్చినట్టు ఏలుకుందామనా అని అరిచాను. అరవగానే తెలిసింది. ఆవిడ లేచి, చెయ్యి కడుక్కుని, మెల్లగా అంది.

"పద్దెనిమిదేళ్ళ కిందట బండి తోలొద్దన్నారు. మానేశాను. ఎందుకని అడగలేదు, జనం కోసమని తెలుసు. మీ గౌరవం కోసం నేను స్టీరింగు వదిలేశాను. మీరు మీ కన్ను కోసం ఒక్క రోజు వదలలేరా?"

జవాబు కోసం గ్రంథంలో వెతుక్కోలేదు. అక్కడా నా పక్షాన ఏదీ ఉండదని తెలుసు.

బావమరిది దగ్గరికి వెళ్ళాను. వాడి తండ్రిని అన్న మాటలు వెనక్కి తీసుకున్నాను. వాడు బండి కింద పడుకుని ఉన్నాడు, ఐసాయన బండే. నాకు చెప్పకుండానే పాత రేకు కోసేసి కొత్తది వేస్తున్నాడు. ఎవడు కొన్నా జల్లెడ అమ్మకూడదని ఐసాయనే చేయిస్తున్నాడట.

"కొంటావా బావా?" అన్నాడు కిందనుంచే.

"నాకు తెలీదురా."

"అక్కనడుగు."

అడిగాను, ఇంటికొచ్చాక. జీవితంలో మొదటిసారి ఒక బండి గురించి ఆవిడనడిగాను. క్లచ్చు చూడందే చెప్పనంది. ఒక్కరోజు నడిపి చూస్తానని ఐసాయన్ని అడిగి తాళాలు తెచ్చుకుంది. ఎటు నడుపుతావంటే నగరం వైపు, అంది.


మే 22, బుధవారం, పొద్దున ఆరు

బండి బయట ఉంది. ఆవిడ క్యాబిన్లో ఉంది. చెప్పులు విప్పి పక్కన పెట్టింది, పెడలు వట్టికాలికి తెలియాలట. అద్దం తనకి సరిపడా తిప్పుకుంది. సీటు ముందుకి జరుపుకుంది. ఎదురింటివాళ్ళు కిటికీలోంచి చూస్తున్నారు. చూడనీ.

నేను మాత్రం లోపల, పనిబల్ల దగ్గర నిలబడి రాస్తున్నాను. కాసేపయింది. చొక్కా గుండీలు రెండు పెట్టుకున్నాను, మిగతావి పెట్టుకోలేదు. ఆ గుమ్మం ఎదురుగా ఉంది. ఇంకొక్క గంట పని. ఇవాళ అదొక్కటి పూర్తిచేసి రేపు పొద్దున్నే...

ఓ పిరికివాడా.

కొనడం, మానడం సాయంత్రానికి ఆవిడ తేలుస్తుంది. కొంటే ఆవిడ పేరు మీదే. అది నీ పంచాయితీ కాదు, అందులో దాక్కోకు. పదిహేను రోజులు ఒక బండి చుట్టూ ఎందుకు తిరిగావో తెలుసా? దాని చుట్టూ తిరుగుతున్నంతసేపూ ఇంకోచోటికి వెళ్ళక్కర్లేదు కాబట్టి. ఎంత మందిని గద్దించావు, ఎంత మందిని లేపావు, చేతులెత్తించావు! వాళ్ళు లేచారు. నీ మాట విని ఒకడు తాగుడు మానాడు, ఒకతె పుట్టింటినుంచి తిరిగొచ్చింది. వాళ్ళు నిన్ను నమ్మి ఆ రోజే లేచారు, రేపు కాదు. నీకు ఎవరు చెప్పాలి? దూత కత్తి పట్టుకుని నిలబడాలా? నిలబడితే మాత్రం, ఎడమవైపు నిలబడితే, నీకు కనపడుతుందా?

పెద్దమ్మకి ఒక్క జానెడు దూరం. అది మర్చిపోకు. ఇంకోసారి చేతిబ్రేకు లాగేవాడు పక్కనుండడు.

హారను కొట్టింది. ఒక్కసారే, చిన్నగా.

మిగిలిన కన్ను ఇవాళ ఉంది. వచ్చేనెల సంగతి ఎవరూ నీకు మాటివ్వలేదు. ఈ వాక్యం పూర్తిచెయ్యాలని చూడకు, పేజీ నింపాలని చూడకు, ఉలి తుడవకు, గుమ్మం వైపు తిరగకు. గుండీలు బండిలో పెట్టుకో. చీటీ తీసుకో. లే, ఓ వడ్రంగీ. పెన్ను కింద పడెయ్. వెళ్ళు, ఇవాళ, ఇప్పుడు, ఇంజను చల్లారకముందే వెళ్ళు!